రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం ఒక్కటే, ప్రయాణ సమయం మాత్రం నాలుగు రకాలుగా ఎందుకు కనిపిస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరం వెతికితే ఒక సైట్ 413 అంది, ఇంకోటి 256 అంది, మరొకటి 223 అంది. రోడ్డు మీద చూస్తే 540 కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఒకచోట 31 నిమిషాలు, ఒకచోట గంటా ఒక నిమిషం, ట్రాకింగ్ యాప్‌లో గంటా 3 నిమిషాలు, టికెట్ మీద గంటా 20 నిమిషాలు. ఏది నమ్మాలి, దిగాక పని ఎన్నింటికి పెట్టుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. 413, 256, 223 మూడూ ఒకే దూరం. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. అంకె పక్కన ప్రమాణం రాయని సైట్లు చాలా ఉన్నాయి, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఇక సమయాల సంగతి. 31 నిమిషాల్లో ఈ దూరాన్ని ఏ ప్రయాణికుల విమానమూ దాటదు, అది వట్టి భాగహారం. గంటా ఒక నిమిషం అంటే ఆ 31కి ఒక 30 కలిపారు, అంతే. గంటా 3 నిమిషాలు చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ నేల తాకేదాకా. గంటా 20 నిమిషాలు గేటు నుంచి గేటుకి. మీటింగ్ అయినా, ఇంకో విమానం పట్టుకోవాలన్నా, లెక్క వేయాల్సింది ఈ చివరిదాని మీదే.

ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ విమానాశ్రయాల జంట ఒక్కదానికే కాదు, ఏ రెండు విమానాశ్రయాలకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

దూరం ఎలా కడతారు

సైట్లు చూపించేది గ్రేట్ సర్కిల్ దూరం, అంటే గోళం మీద రెండు బిందువుల మధ్య ఉండే అతి తక్కువ దూరం. ప్రతి విమానాశ్రయానికీ ఒక అధికారిక బిందువు ఉంటుంది, దాన్ని ఏరోడ్రోమ్ రిఫరెన్స్ పాయింట్ అంటారు. అది టెర్మినల్ గుమ్మం దగ్గర కాదు, ఆ ప్రాంగణం మధ్యభాగానికి దగ్గరగా, చాలాచోట్ల రన్‌వే మధ్యలో ఉంటుంది. దాని అక్షాంశ రేఖాంశాల్ని ఆయా దేశాల విమానయాన శాఖలు ఏఐపీ అనే ప్రచురణలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తాయి. అంతర్జాతీయ విమానయానంలో ఈ అంకెలన్నీ డబ్ల్యూజీఎస్-84 పద్ధతిలోనే ఉండాలన్న నియమం 1998 జనవరి 1 నుంచి ఉంది. జీపీఎస్ వాడేదీ అదే, కాబట్టి ఫోన్‌లో కనిపించే అంకెలతో నేరుగా పోల్చుకోవచ్చు.

మీరు ఇచ్చిన స్థానాల్ని గుండ్రంగా తీసుకుంటే ఒకటి 44 డిగ్రీల ఉత్తర అక్షాంశం, రెండోది 47 డిగ్రీలు, రేఖాంశాల తేడా 3.12 డిగ్రీలు. ఇంత చిన్న దూరానికి పెద్ద సూత్రం అక్కర్లేదు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111.2 కి.మీ. మూడు డిగ్రీలకి 333.6 కి.మీ. ఇది ఉత్తర దక్షిణాల దూరం. తూర్పు పడమరలకి మాత్రం ఒక డిగ్రీ విలువ భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ తగ్గిపోతుంది, అందుకని మధ్య అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. మధ్య అక్షాంశం 45.5 డిగ్రీలు, దాని కొసైన్ 0.7009. 3.12ని 111.2తో, మళ్లీ 0.7009తో గుణిస్తే 243.2 కి.మీ. రెండు అంకెల వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 412.8 కి.మీ. గోళం మీద దూరం కట్టే హావర్‌సైన్ సూత్రంతో, భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. అనుకుని చేస్తే 412.7 వస్తుంది. వంద మీటర్ల తేడా. ధ్రువాలకి మరీ దగ్గర కానంతవరకూ, కొన్ని వందల కిలోమీటర్ల లోపు ఈ కాగితం లెక్క చాలు.

భూమి పూర్తి గోళం కాదు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. ఆ ఆకారాన్ని పట్టించుకుని లెక్కగడితే మీ జంటకి 413.0 వస్తుంది, అంటే గోళం లెక్క కంటే మూడు వందల మీటర్ల లోపు తేడా. ఎంత దూరానికైనా ఈ పొరపాటు అర శాతం దగ్గరే ఆగుతుంది. విమానం ఎత్తులో ఎగురుతుంది కాబట్టి దూరం పెరగదా అన్నది ఇంకో సందేహం. పది కిలోమీటర్ల ఎత్తులో పెరిగేది 0.16 శాతం, 413కి అర కిలోమీటరు పైచిలుకు. ఈ రెండింటి గురించీ బుర్ర పాడుచేసుకోవద్దు.

పట్టించుకోవాల్సిన పొరపాట్లు వేరే ఉన్నాయి.

ఒకటి, నిమిషాల్ని దశాంశాలుగా చదవడం. 44°30′ అంటే 44.5 డిగ్రీలు, 44.30 కాదు. నిమిషాల్ని 60తో, సెకన్లని 3,600తో భాగించి కలపాలి. ఈ ఒక్క తప్పుకి 0.2 డిగ్రీ పోతుంది, ఉత్తర దక్షిణాల్లో అది 22 కి.మీ. జవాబు చూడ్డానికి సబబుగానే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. స్ప్రెడ్‌షీట్‌లో డిగ్రీల్ని రేడియన్లుగా మార్చకపోవడం కూడా తప్పే గానీ, అప్పుడు జవాబు అర్థం పర్థం లేకుండా వస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. దక్షిణ అక్షాంశాలకీ పశ్చిమ రేఖాంశాలకీ ముందు మైనస్ పెట్టడం మరిచిపోయినా అంతే.

రెండోది ఇంకా ప్రమాదం: ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకి కొలవడం. "ఫలానా ఊరు నుంచి ఫలానా ఊరికి విమాన దూరం" అని చూపే పేజీల్లో చాలావరకు ఊరి నడిబొడ్డు అంకెలే వాడతారు. విమానాశ్రయం ఊరికి పది, ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటే, రెండు చివరలా కలిపి 30, 40 కి.మీ. తేడా రావచ్చు. ప్రాంతీయ విమానాశ్రయాలకి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఒక్కోసారి రెండు మూడు ఊళ్లకి కలిపి ఒకటే కట్టి, అన్నింటికీ మధ్యలో పెడతారు. పేరు ఒక ఊరిది, స్థలం ఇంకో ఊరి దగ్గర. అందుకే వెతికేటప్పుడు ఊరి పేరు కాకుండా విమానాశ్రయపు కోడ్ వాడండి. టికెట్ మీద ఉండేది ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) ఇచ్చే మూడక్షరాల కోడ్, పైలట్లు వాడేది ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఇచ్చే నాలుగక్షరాల కోడ్. ఒకే ఊరికి రెండు విమానాశ్రయాలున్నా, ఒకే పేరుతో రెండు దేశాల్లో ఊళ్లున్నా కోడ్‌తో చిక్కు తీరిపోతుంది.

రోడ్డు దూరం 540 కి.మీ. గురించి ఒక మాట. 540ని 413తో భాగిస్తే 1.31. మైదాన ప్రాంతాల్లో మంచి రోడ్లుంటే ఈ నిష్పత్తి 1.2 నుంచి 1.4 మధ్య ఉండడం మామూలు. మీది అందులోనే ఉంది కాబట్టి రెండు అంకెలూ ఒకదానికొకటి సాక్ష్యం. నిష్పత్తి రెండు దాటితే మధ్యలో కొండో, సముద్రపు పాయో, దాటాల్సిన సరిహద్దో ఉందని అర్థం. లేదా ఏదో ఒక చివర తప్పు విమానాశ్రయాన్ని ఎంచుకున్నారని.

విమానం నిజంగా తిరిగే దూరం

413 కి.మీ. ఏ విమానమూ గీత గీసినట్టు ఎగరదు. రన్‌వే ఎటు తిరిగి ఉంటే అటే లేవాలి, అదీ గాలికి ఎదురుగా. మీ గమ్యం ఈశాన్యంలో ఉంది, దిశ దాదాపు 35 డిగ్రీలు. ఆ రోజు గాలి పడమటి నుంచో నైరుతి నుంచో వీస్తుంటే విమానం ముందు నైరుతి వైపు లేచి, తిరిగి వెనక్కి రావాలి. అక్కడే 8, 10 నాటికల్ మైళ్లు పోతాయి. దిగే చోట కూడా వాడుకలో ఉన్న రన్‌వే అవతలి వైపు తెరిచి ఉంటే, విమానాశ్రయాన్ని దాటి వెళ్లి తిరిగి వచ్చి వరుసలో కలవాలి. మధ్యలో నిషేధిత గగనతలం ఉంటే చుట్టూ తిరగాలి. కొన్నిచోట్ల నిర్ణీత మార్గాలు, వాటి మీద నిర్ణీత బిందువులు ఉంటాయి, వాటి మీదుగానే పోవాలి.

దీనికి ఎంత కలపాలో ఊహించి చెప్పక్కర్లేదు, వాడుకలో ఉన్న అంకెలున్నాయి. ఐకావో తన కర్బన ఉద్గారాల లెక్కలో గ్రేట్ సర్కిల్ దూరం 550 కి.మీ. లోపైతే 50 కి.మీ., 550 నుంచి 5,500 దాకా 100 కి.మీ., ఆ పైన 125 కి.మీ. కలుపుతుంది. ఐరోపా ఉద్గారాల వ్యాపార పద్ధతిలో దూరం ఎంతైనా 95 కి.మీ. కలపడం ఉంది. చిన్న దూరాలకి ఐకావో అంకెనే నేను తీసుకుంటాను, అదే నిజానికి దగ్గరగా ఉంటుంది. అంటే మీ 413 కాస్తా 463 కి.మీ. అవుతుంది, సరిగ్గా 250 నాటికల్ మైళ్లు. ఇక్కడ గమనించాల్సింది: ఈ అదనం ఎనిమిది వేల కిలోమీటర్ల ప్రయాణంలో లెక్కలోకి రాదు, 413లో మాత్రం 12 శాతం. చిన్న మార్గాల సమయం సైట్లలో తప్పడానికి ఇది మొదటి కారణం.

సమయం: భాగహారం ఎందుకు తప్పుతుంది

413ని గంటకి 800 కి.మీ. వేగంతో భాగిస్తే 31 నిమిషాలు. ఆ సైట్ చేసింది అదే. 800 అనేది పెద్ద జెట్ విమానం పైకెక్కి నిలకడగా పోతున్నప్పటి వేగం. చిన్న మార్గంలో విమానం ఎక్కువసేపు ఎక్కుతూనో దిగుతూనో ఉంటుంది. పైగా చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్లకి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) మించి పోకూడదన్న నియమం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఇలాంటి మార్గాల్లో చాలాసార్లు నడిచేది జెట్ కాదు, ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్, అంటే బయటికి కనిపించే ఫ్యాన్‌తో నడిచే విమానం. దాని వేగం గంటకి 500 కి.మీ. అటూ ఇటూ.

మీ 250 నాటికల్ మైళ్లని ఏటీఆర్ 72 ఎలా దాటుతుందో, గాలి లేదనుకుని, దశలవారీగా చూద్దాం. 18,000 అడుగులకి ఎక్కుతుందనుకోండి.

ఎక్కడం: నిమిషానికి సగటున 1,100 అడుగుల చొప్పున 16 నిమిషాలు. అప్పటికి సాగేది దాదాపు 53 నాటికల్ మైళ్లు.

నిలకడగా పోవడం: 135 నాటికల్ మైళ్లు, 265 నాట్ల వేగంతో 31 నిమిషాలు.

దిగడం: నిమిషానికి 1,500 అడుగుల చొప్పున 12 నిమిషాలు, 54 నాటికల్ మైళ్లు.

చివరి వరుస: వేగం తగ్గించి, చక్రాలు దించి, రెక్కల వెనక ఉండే పలకలు (ఫ్లాప్స్) దించుకుని 8 నాటికల్ మైళ్లు, 4 నిమిషాలు.

మొత్తం 63 నిమిషాలు. ట్రాకింగ్ యాప్ మీకు చూపించిన గంటా 3 నిమిషాలు ఇదే.

ఇదే మార్గంలో ఎంబ్రాయర్ 190 లాంటి జెట్ పెడితే? 28,000 అడుగులకి ఎక్కడానికి 14 నిమిషాలు, 79 నాటికల్ మైళ్లు. జెట్ దిగడానికి పైలట్లు వాడే కొండగుర్తు ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులకి 3 నాటికల్ మైళ్లు. 28,000 అడుగులకి 84 నాటికల్ మైళ్లు, 15 నిమిషాలు. చివరి 10 నాటికల్ మైళ్లకి 4 నిమిషాలు. నిలకడగా పోవడానికి మిగిలేది 77 నాటికల్ మైళ్లే, 440 నాట్లతో పదిన్నర నిమిషాలు. మొత్తం 44 నిమిషాల లోపు. వేగం మూడింట రెండు వంతులు ఎక్కువైనా ఆదా అయింది 19 నిమిషాలు. ఇంధనం మాత్రం జెట్‌కి బాగా ఎక్కువ కాలుతుంది. ఐదారు వందల కిలోమీటర్ల లోపు మార్గాల్లో సంస్థలు టర్బోప్రాప్‌ని వదలకపోవడానికి కారణం ఇది. "పాత ఫ్యాన్ విమానం పెట్టారు" అని ప్రయాణికులు చిన్నచూపు చూస్తారు గానీ, ఆ దూరానికి అదే సరైన యంత్రం.

మీరు ఏ మార్గానికైనా చేసుకోగలిగిన ముతక సూత్రం: గ్రేట్ సర్కిల్ దూరానికి 50 కి.మీ. కలపండి. టర్బోప్రాప్ అయితే 490తో, జెట్ అయితే 815తో భాగించి 60తో గుణించండి. వచ్చిన నిమిషాలకి 25 కలపండి. టికెట్ మీద ఉండాల్సిన సమయం దాదాపుగా వస్తుంది. మీ జంటకి టర్బోప్రాప్‌తో 57కి 25 కలిపితే 82 నిమిషాలు, టికెట్ 80 అంటోంది. జెట్‌తో అయితే 59. ఈ 25లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తగ్గే వేగం, నేల మీద నడక, కాస్త వెసులుబాటు అన్నీ కలిసే ఉన్నాయి. 550 కి.మీ. దాటితే 50 బదులు 100 కలపండి.

సూత్రం పనిచేయని చోట్లున్నాయి. 200 కి.మీ. లోపు విమానం తన మామూలు ఎత్తుకే చేరదు, కాబట్టి నిజ సమయం కాస్త ఎక్కువే ఉంటుంది. ద్వీపాల మధ్య తిరిగే చిన్న విమానాలకైతే అసలు వర్తించదు. స్కాట్లాండ్‌లోని ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 2.7 కి.మీ. మార్గం ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణం. దానికి షెడ్యూల్‌లో ఇచ్చేది రెండు నిమిషాల లోపే, గాలి కలిసొచ్చినప్పుడు 53 సెకన్లలో దాటిన రికార్డు ఉంది. అలాంటి చోట ఎత్తుకి ఎక్కడమూ లేదు, బారులు తీరడమూ లేదు.

గాలి

టర్బోప్రాప్ నెమ్మదిగా పోతుంది కాబట్టి గాలి దెబ్బ దానికి ఎక్కువ తగులుతుంది. 40 నాట్ల ఎదురుగాలి జెట్ వేగంలో పదకొండో వంతు, ఏటీఆర్ వేగంలో ఏడో వంతు.

మీ అక్షాంశాల్లో పైగాలులు ఎక్కువగా పడమటి నుంచే వీస్తాయి, చలికాలంలో బలంగా. 70 నాట్ల పడమటి గాలి ఉందనుకోండి. మీ దారి 35 డిగ్రీలు కాబట్టి అందులో దారి వెంట కలిసొచ్చే భాగం దాదాపు 40 నాట్లు. మిగతాది పక్కగాలి, దాన్ని తట్టుకోవడానికి విమానం ముక్కు కాస్త ఎడమకి తిప్పి పోవాలి, అందులో ఇంకో ఆరు నాట్లు పోతాయి. వెళ్లేటప్పుడు 63 నిమిషాలు 57కి తగ్గుతుంది, తిరిగొచ్చేటప్పుడు 72 అవుతుంది. పోనూ రానూ కలిపితే గాలి చెల్లుకు చెల్లు అయిపోదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటారు, వెనకగాలిలో తక్కువసేపు ఉంటారు, కాబట్టి ఎప్పుడూ నష్టమే తేలుతుంది. ఇక్కడ 126 నిమిషాల రాకపోకలు 129 అయ్యాయి. వెళ్లేటప్పటి సమయం చూసి తిరుగు ప్రయాణం లెక్క వేసుకుంటే పావుగంట తప్పుతుంది. టికెట్ మీద రెండు వైపులా సమయాలు వేరుగా ఉంటే అది అచ్చుతప్పు కాదు.

నేల మీద పోయే నిమిషాలు

టికెట్ మీద బయల్దేరే సమయం అంటే విమానం పార్కింగ్ చోటు నుంచి కదిలే సమయం. చేరే సమయం అంటే అవతల ఆగి, చక్రాలకి అడ్డుకట్టలు పెట్టే సమయం. గాల్లోకి లేవడమూ నేలకి దిగడమూ ఈ రెండింటి లోపలే జరుగుతాయి. విమానం ఎక్కించే గేటు అంతకు పది, పదిహేను నిమిషాల ముందే మూసేస్తారు, ఆ సంగతి వేరు.

చిన్న విమానాశ్రయంలో రద్దీ ఉండదు, నేల మీద సమయం తక్కువే పడుతుంది అనుకుంటారు. సగమే నిజం. చాలా ప్రాంతీయ విమానాశ్రయాల్లో రన్‌వేకి సమాంతరంగా టాక్సీవే (విమానాలు నేల మీద నడిచే దారి) ఉండదు. విమానం రన్‌వే మీదే ఆ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, అప్పుడు లేవాలి. బ్యాక్‌ట్రాక్ అంటారు దీన్ని. 2,000 మీటర్ల రన్‌వేని 20 నాట్లతో నడిస్తే మూడుంబావు నిమిషాలు, తిరగడానికి ఇంకో నిమిషం. ఆ కాసేపూ రన్‌వే మూతపడినట్టే, ఇంకో విమానం దిగడానికి వీల్లేదు. ఎవరైనా దిగడానికి దగ్గర్లో ఉంటే మీ విమానం ముందు ఆగి, వాళ్లు దిగి, వాళ్లూ బ్యాక్‌ట్రాక్ చేసి పక్కకి తప్పుకునేదాకా కదలదు. రెండు విమానాలే ఉన్నా పది నిమిషాలు పోయేది ఇలాగే. చలి ప్రాంతాల్లో రెక్కల మీద మంచు తీయడానికి ఇంకో పది నిమిషాలు సులువుగా పడుతుంది, మంచు తీసే బండి ఒక్కటే ఉంటే వరుసలో నిలబడాలి.

సాధనాలు తక్కువుండడం ఇంకో ఇబ్బంది. ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో విమానాన్ని దింపడానికి దారి చూపే సాధనం) లేని రన్‌వేకి దిగాలంటే మేఘాలు కాస్త ఎత్తులో ఉండాలి, చూపు దూరం ఎక్కువ కావాలి. పొగమంచు పట్టిన ఉదయం పెద్ద విమానాశ్రయం పనిచేస్తూనే ఉంటుంది, చిన్నది ఆగిపోతుంది. చాలా చిన్న విమానాశ్రయాలు 24 గంటలూ తెరిచి ఉండవు కూడా. సాయంత్రం ఆఖరి విమానం బాగా ఆలస్యమైతే అవతల మూసేసే వేళ అవుతుంది, అప్పుడది రద్దవుతుంది. ముఖ్యమైన పనికి ఆఖరి విమానం పెట్టుకోకండి.

టికెట్ సమయంలో వెసులుబాటు కూడా కలిపి ఉంటుంది. మీ విషయంలో 63 నిమిషాలు గాల్లో, లేచే ముందు 8, దిగాక 4, మొత్తం 75. మిగిలిన 5 నిమిషాలు సంస్థ ఉంచుకున్న కుషను. షెడ్యూల్ కంటే 15 నిమిషాల లోపు ఆలస్యమైతే సమయానికి చేరినట్టే లెక్కగట్టడం విమానయాన గణాంకాల్లో వాడుక. అంటే కాగితం మీద "సమయానికి వచ్చింది" అన్న విమానం మీకు 14 నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు.

టికెట్ చదివేటప్పుడు

వేళలు ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. రెండు విమానాశ్రయాలు వేర్వేరు కాలమండలాల్లో ఉంటే, తీసివేతతో వచ్చిన సమయం గంట ఎక్కువో తక్కువో అవుతుంది. అరగంట తేడా ఉన్న మండలాలూ ఉన్నాయి. వేసవిలో గడియారం ముందుకి జరిపే ప్రాంతాల్లో, ఆ మార్పు రెండు చోట్లా ఒకే రోజున జరగకపోవచ్చు. 413 కి.మీ.కి టికెట్ మీద 20 నిమిషాలో, రెండు గంటల 20 నిమిషాలో కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

నాన్‌స్టాప్ వేరు, డైరెక్ట్ వేరు. డైరెక్ట్ అంటే విమాన సంఖ్య మారదని మాత్రమే, మధ్యలో ఒకచోట దిగి లేవొచ్చు. ఇక రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య నేరుగా విమానం ఉండడమే అరుదు. చాలామటుకు ఏదో పెద్ద విమానాశ్రయం మీదుగా మారాలి. అప్పుడు 413 కి.మీ. అన్న అంకెకి ప్రయాణంలో అర్థమే ఉండదు. రెండు విమానాలు గంటా పది నిమిషాల చొప్పున, మధ్యలో గంటన్నర, మొత్తం నాలుగు గంటలకి పది నిమిషాలు తక్కువ. దానికి విమానాశ్రయానికి ముందుగా చేరడం, దిగాక బయటికి రావడం కలిపితే ఆరు గంటలు. 540 కి.మీ. మంచి రోడ్డు మీద కారులో కూడా దాదాపు అంతే. నేరుగా విమానం ఉంటే మాత్రం ఇంటి నుంచి పని చోటికి మూడున్నర గంటలు, అప్పుడు విమానానిదే పైచేయి.

గ్రేట్ సర్కిల్ దూరం నిజంగా డబ్బుగా మారే చోటు ఒకటుంది. ఐరోపా యూనియన్‌లో విమానం రద్దయినా, గట్టిగా ఆలస్యమైనా ఇచ్చే పరిహారం 261/2004 నిబంధన ప్రకారం దూరాన్ని బట్టి ఉంటుంది, 1,500 కి.మీ. లోపైతే 250 యూరోలు. ఆ దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కొలవాలని నిబంధనలోనే రాశారు. మధ్యలో మారి వెళ్లిన ప్రయాణంలో రెండు ముక్కల దూరాలూ కూడాలా అన్న వివాదం వస్తే, మొదట ఎక్కిన చోటు నుంచి చివర దిగే చోటుకి నేరుగా కొలవాలని ఐరోపా న్యాయస్థానం 2017లో తీర్పు చెప్పింది. కాబట్టి దావా వేసేటప్పుడు మీకు కావాల్సింది 413, విమానం తిరిగిన 463 కాదు.

మీ విషయంలో ఏం చేయాలి

ట్రాకింగ్ యాప్‌లో మీ విమాన సంఖ్య పెట్టి గత రెండు మూడు వారాల చరిత్ర తెరవండి. అక్కడ రెండు రకాల వేళలు ఉంటాయి. ల్యాండింగ్ వేళ కాదు, గేటుకి చేరిన వేళ చూడండి. కొన్ని యాప్‌లు గేటు వేళ చూపవు, అప్పుడు ల్యాండింగ్‌కి ఐదు నిమిషాలు కలపండి. సగటు తీయకండి, సగటు మీద ప్లాన్ వేస్తే రెండిట్లో ఒకసారి తప్పుతుంది. అన్నిటికంటే ఆలస్యమైన రోజుని పక్కన పెట్టి, దాని తర్వాతి రెండో మూడో ఆలస్యాన్ని తీసుకోండి. దానికి దిగి బయటికి రావడానికి పది నిమిషాలు, చెక్-ఇన్ సామాను ఉంటే ఇంకో పదిహేను, ఆపైన ఊళ్లోకి ప్రయాణం కలపండి. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి, కాబట్టి తొందరుంటే వెనక వరుస సీటు అడగండి. పైనుండే సామాను అర పెద్ద జెట్ల కంటే చిన్నది, పెద్ద క్యాబిన్ పెట్టెని మెట్ల దగ్గరే తీసుకుని కింద పెట్టేస్తారు, దిగాక దానికోసం మళ్లీ ఆగాలి. చిన్న సంచితో వెళ్తే ఆ పదిహేను నిమిషాలూ మిగులుతాయి.

ఋతువు మారితే ఈ లెక్క మళ్లీ చేయండి. విమాన సంస్థల షెడ్యూళ్లు మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి. అదే విమాన సంఖ్యకి వేళ, విమానం రకం రెండూ మారొచ్చు. ఏటీఆర్ ఉన్న చోట జెట్ వస్తే 80 నిమిషాలు 60 అవుతుంది, జెట్ ఉన్న చోట ఏటీఆర్ వస్తే కనెక్షన్ తప్పుతుంది. బుకింగ్ పేజీలో విమానం రకం చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చాలామంది దాటేసే ఆ వరుసని చూసుకున్నాకే తర్వాతి విమానం వేళ ఖాయం చేసుకోండి.